స్వదేశీ పరిశ్రమ – విదేశీ వర్తకం

క్రీ.శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందటి పాలకులు తుఫానుకు చితికి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకొనేవారు. ఇకమీదట అట్లు జరుగదనీ, నిర్ణీతమైన సుంకం తప్ప వర్తకుల నుండి మరేమీ గ్రహించబోమనీ ఆ శాసనం హామీ ఇచ్చింది. సుమారు మూడు శతాబ్దాల తరువాత శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లోని రాజనీతి ఘట్టంలో రేవులను వృద్ధిచేయవలెననీ, దూరదేశాల వర్తకులను ఆదరించవలెననీ చెప్పాడు. కారణమూ దాచలేదు. ఏనుగులు, మేలుజాతి గుర్రాలు తనకే దక్కవలె, శత్రువుకు చేరరాదు. చెప్పినది కవియే అయినా, ఇందులో కవిత్వం కన్న లెక్కయే ఎక్కువ.

కాబట్టి విదేశీ వర్తకం మనకు కొత్తదీ కాదు, కీడూ కాదు. అయితే తలుపులు తెరవమని బోధించే దేశాలు తమ తలుపులను ఎప్పుడు తెరిచాయో కూడా చూడవలె. మచిలీపట్నం వంటి రేవుల నుండి వెళ్లిన అద్దకపు వస్త్రాలపై ఇంగ్లండు ప్రజలు మోజుపడ్డారు. అక్కడి నేతగాండ్రు ఆందోళన చేశారు. పార్లమెంటు 1700లో ఆ వస్త్రాల వాడకానికై జరిగే దిగుమతిని నిషేధించింది. 1721లో అద్దకపు నూలుగుడ్డ ధరించటాన్నే నేరం చేసింది. ఆ చాటున అక్కడి యంత్రాలు బలపడ్డాయి. బలపడిన పిమ్మట స్వేచ్ఛావాణిజ్యం మహాధర్మమైంది! 1882లో మన దేశంలో విదేశీ నూలువస్త్రాలపై సుంకం రద్దయింది. 1896లో దిగుమతి వస్త్రంతో సమానంగా మన మిల్లు వస్త్రంపైనా మూడున్నర శాతం పన్ను పడింది.

ఇంతమాత్రాన రక్షణ అన్నివేళలా మేలుచేస్తుందనరాదు. స్వాతంత్ర్యానంతరం పోటీ ఎరుగని అంబాసిడర్ కారు 1950ల చివరి రూపాన్ని పెద్దగా మార్చుకోకుండానే 2014 వరకు నడిచింది. అక్కడ రక్షణ పొందినది పరిశ్రమ కాదు, సోమరితనం.

పెన్సిలిన్ కథ వేరు. 1954లో పుణె సమీపంలోని పింప్రిలో ప్రభుత్వం హిందుస్థాన్ యాంటిబయాటిక్స్ సంస్థను స్థాపించింది. బూజును పులియబెట్టి మందు తీసే విద్య మనవారికి పట్టుబడింది. 1991 సంస్కరణల తరువాత చైనా నుండి చౌకగా ముడిసరుకు రాగా, ఇక్కడి ఉత్పత్తి క్రమంగా ఆగిపోయింది. అమాక్సిసిలిన్ మాత్రలు ఇక్కడే తయారయ్యేవి, వాటి మూలద్రవ్యం మాత్రం సముద్రం దాటి రావలసివచ్చేది. 2020లో కరోనా వల్ల చైనా కర్మాగారాలు మూతపడగా, ఆ మార్చి నెలలో మన ప్రభుత్వం పారాసిటమాల్ మొదలైన 26 రకాల మందుల, మూలద్రవ్యాల ఎగుమతిని నియంత్రించవలసివచ్చింది. చవకబేరం అసలు వెల అప్పుడు తెలిసింది.

గడియారమో బొమ్మయో రాకపోతే కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. ప్రాణాధారమైన మందు విషయంలో ఆ ఓర్పు కుదరదు. అట్టి వస్తువులకే ప్రోత్సాహమివ్వటం, దానికి గడువు విధించటం యుక్తం. 2020లో ప్రకటించిన ప్రోత్సాహక పథకం కింద 2024లో కాకినాడ ప్రాంతంలో పెన్సిలిన్-జి ఉత్పత్తి ఆరంభమైంది. విదేశీ సరుకు అంతకన్న చౌకగా దొరికితే మాత్రలు చేసేవారు దానివైపే మొగ్గుతారు. సుంకం వేస్తే మాత్ర వెల పెరుగుతుంది. ఆ భారం ఖజానా భరించవలెగాని, జ్వరంతో మందుల దుకాణానికి వచ్చిన రోగి కాదు.