నిమ్మచెక్కతో పళ్ళు రుద్దవద్దు



నిమ్మకాయ మన గోదావరి జిల్లాల వారికి కొత్త కాదు. ఏలూరు నిమ్మ మార్కెట్ మన పక్కనే ఉంది. పులిహోరలోనూ మజ్జిగలోనూ పిండుకుంటాం. అయితే పళ్ళు తెల్లబడతాయని, నోటి దుర్వాసన పోతుందని, పిండేసిన చెక్కకు ఉప్పు అద్ది పళ్ళు రుద్దుకునేవారూ ఉన్నారు. "నిమ్మనూనె క్రిములను చంపుతుందట కదా!" అని చదువుకున్నవారు కూడా దీన్ని సమర్థిస్తున్నారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. కాని దాన్ని నమ్మి చెక్క పట్టుకుంటే పళ్ళకే చేటు.

నిమ్మ, నారింజ, బత్తాయి తొక్కను వంచితే చిమ్మే సన్నని తుంపరే ఆ నూనె. అందులో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం. నిమ్మలో సిట్రాల్ కూడా కొంత ఉంటుంది. పిప్పిపళ్ళకు కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియా పెరగకుండా ఇవి ప్రయోగశాలలో అడ్డుకున్నాయి.

కాని ప్రయోగశాల వేరు, నోరు వేరు. నోటిలో క్రిములు పాచిలో పొరలు పొరలుగా ఉంటాయి. ఈ నూనె నీటిలో సరిగా కరగదు, లాలాజలం దాన్ని ఎక్కువసేపు నిలవనివ్వదు. పైగా చెక్కతో రుద్దితే పళ్ళకు తగిలేది నూనె కంటే పులుపే ఎక్కువ. నిమ్మరసం పి.హెచ్. సుమారు 2 నుండి 2.5. అది 5.5 కంటే తగ్గితేనే పంటి పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుంది. అలా మెత్తబడిన పొరను ఉప్పుతో రుద్దితే అరిగిపోతుంది. అప్పుడు లోపలి పసుపు పొర బయటపడుతుంది, చల్లనీళ్ళు తాగినా పళ్ళు జివ్వుమంటాయి. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

అంటే మొక్కల నూనెలు పనికిరావని కాదు. మన వాములో ఉండే థైమాల్ నోరు పుక్కిలించే మందుల్లో ఎన్నో ఏళ్ళుగా ఉంది. అయితే అక్కడ కొలత ఉంది, పరీక్ష ఉంది. అదైనా బ్రష్‌కు తోడే గాని బదులు కాదు.

ఖర్చు లేనిది కనుక చెక్కే మేలు అనడం నాకు సమ్మతం కాదు. ఫ్లోరైడ్ పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. పెద్దవారికి బఠానీ గింజంత, మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత చాలు. అరిగిన పళ్ళకు చేయించే వైద్యంతో పోలిస్తే ఇది ఎంత ఖర్చు?

నిమ్మరసం తాగితే నీళ్ళతో నోరు పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ చేయకండి. దుర్వాసన తగ్గకపోయినా, చిగుళ్ళ నుండి రక్తం కారినా దంతవైద్యునికి చూపించండి. చుట్ట కాల్చేవారు నోటిలో పుండు రెండు వారాల్లో మానకపోతే ఆలస్యం చేయవద్దు. దవడ వాచి జ్వరం వస్తే, మింగడం కష్టమైతే, ఆ రోజే ఆసుపత్రికి రండి. నిమ్మచెక్కతో గడిపే రోజు కాదది.