అంత తెలివైన పిల్లకి చరిత్ర ఎందుకమ్మా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా ఇంట్లో పూతరేకుల డబ్బా విప్పాం. ఆరు వందలకి 571. మా అత్తయ్యగారు వీధిలో అందరికీ తనే వెళ్ళి చెప్పొచ్చారు. సాయంత్రానికల్లా కాలేజీల వాళ్ళ ఫోన్లు మొదలు. మా నంబరు వాళ్ళకి ఎవరిచ్చారో ఆ దేవుడికే తెలియాలి. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర పిల్ల పప్పు కలుపుకుంటూ, తలెత్తకుండా, "నేను హెచ్‌ఈసీ తీసుకుంటాను" అంది. హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్.

ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదన్న కబురు వచ్చినట్టు అయిపోయారు అందరూ.

"అంత తెలివైన పిల్లకి చరిత్ర ఎందుకమ్మా" అన్నారు అత్తయ్యగారు. "చరిత్రదేముంది, తీరిగ్గా ఉన్నప్పుడు యూట్యూబ్‌లో చూసుకోవచ్చు" అన్నారు మా ఆయన. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, రేపు సంబంధాలొస్తే ఏం చదివిందని చెప్తారు?" అంది. పదిహేనేళ్ళ పిల్ల. అప్పుడే సంబంధాల లెక్క!

నేను చదివిందీ హెచ్‌ఈసీయేనండి, ఇరవై ఏడేళ్ళ కిందట, అమలాపురంలో. అప్పుడు మా పుట్టింట్లో ఎవరూ ఏ గొడవా చెయ్యలేదు. మా అన్నయ్యని ఎంపీసీకి విజయవాడ హాస్టల్లో వేశారు. దానికోసం కొబ్బరితోట తాకట్టు పెట్టారు. నాకు మాత్రం బస్సు దిగితే ఎదురుగా కాలేజీ, ఫీజు తక్కువ, ల్యాబులుండవు, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి అమ్మకి సాయం చెయ్యొచ్చు. ఎంతవరకు చదువుతుంది గనక అని ఆ గ్రూపులో వేశారు. ఇప్పుడు నా కూతురికి ఆ గ్రూపు వద్దంటున్నారు, ఎందుకంటే అది బాగా చదువుతుంది కాబట్టి. ఖర్చు పెట్టక్కర్లేని ఆడపిల్లకి చరిత్ర, ఖర్చు పెట్టదగ్గ ఆడపిల్లకి లెక్కలు. ఈ తీర్పు ఎవరిచ్చారు? దీనిమీద అప్పీలు లేదా?

ఆ "పనికిరాని" చదువు నాకేం ఇచ్చిందో ఒక్కటి చెప్తాను.

మా అమ్మమ్మది ముమ్మిడివరం దగ్గర పల్లె. ఆవిడ పెళ్ళి తొమ్మిదో ఏట యానాంలో అయింది. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడూ ముచ్చటగానే చెప్పుకునేవాళ్ళు. ఎదుర్లంక రేవులో పడవెక్కడం, గాలికి బాసికం ఎగిరిపోతే మేనమామ నీళ్ళలోకి వంగి అందుకోవడం, పెళ్ళికూతురు నిద్రలో తూగడం. అందరూ నవ్వేవాళ్ళు. సొంత ఊళ్ళో పందిరి వేసుకునే చోటు ఉండగా గౌతమి దాటి యానాం ఎందుకు వెళ్ళారని మాలో ఎవరం ఎన్నడూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంటర్ రెండో ఏడాది, ఎండాకాలం ముందు ఒక మధ్యాహ్నం, మా లెక్చరర్‌గారు శారదా చట్టం గురించి చెప్పారు. హరబిలాస్ శారదా తెచ్చిన బాల్యవివాహాల నిరోధక చట్టం. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్ళికి ఆడపిల్లకి పద్నాలుగేళ్ళు, మగపిల్లాడికి పద్దెనిమిదేళ్ళు ఉండాలి. ఆయన పుస్తకం మూసి, "ఇది బ్రిటిష్ ఇండియాకే వర్తిస్తుంది. మన పక్కనున్న యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఈ చట్టం లేదు. అందుకే మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు. యానాంకి కల్యాణపురం అన్న పేరు ఊరికే రాలేదు" అన్నారు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా అమ్మమ్మ పెళ్ళి 1935 ప్రాంతం. అంటే అది ముచ్చటైన పడవ ప్రయాణం కాదు. ఆడపిల్లని కాపాడడానికి ఒక చట్టం వస్తే, దాన్ని తప్పించుకోవడానికి నది దాటించారు.

మరి ఆ నదికి అటు ఫ్రెంచివాళ్ళు, ఇటు ఇంగ్లీషువాళ్ళు ఎందుకున్నారు? దానికి ఇంకా వెనక్కి వెళ్ళాలి. ఐరోపాలో ఏడేళ్ళ యుద్ధం జరుగుతుంటే, 1758 డిసెంబరులో మన పిఠాపురం దగ్గర చందుర్తిలో ఆ రెండు దేశాలూ కొట్టుకున్నాయి. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళని ఓడించాడు. కొన్నేళ్ళకి ఉత్తర సర్కారులు, వాటితోపాటు మన కోనసీమ, కంపెనీ చేతికి వెళ్ళాయి. 1763లో పారిస్‌లో సంధి రాసుకుని ఫ్రెంచివాళ్ళ పాత వర్తక స్థావరాలు వాళ్ళకి తిరిగిచ్చారు. మధ్యలో కొన్నిసార్లు చేతులు మారినా యానాం 1954 దాకా వాళ్ళదే. పారిస్‌లో ఎవరో పెట్టిన సంతకం, నూట డెబ్భై ఏళ్ళ తర్వాత ముమ్మిడివరం దగ్గర ఒక తొమ్మిదేళ్ళ పిల్లని పడవెక్కించింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మమ్మని అడిగాను, యానాం ఎందుకు తీసుకెళ్ళారో నీకు తెలుసా అని. ఆవిడ చాలాసేపు వత్తులు చేసుకుంటూనే ఉంది. తర్వాత, "పోలీసులొస్తారని మా నాన్న భయపడ్డాడు. నేను వస్తే బావుణ్ణనుకున్నాను" అంది. అరవై ఏళ్ళకి పైగా ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళుంటే కదా!

యూట్యూబ్‌లో చూసుకోవచ్చంటున్నారు మా ఆయన. ఏమని వెతకాలండీ? ప్రశ్న పుట్టాక జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. ప్రశ్న పుట్టాలంటే ఎవరో ఒకరు రెండేళ్ళు కూర్చోబెట్టి వరసగా చెప్పాలి. మా మావయ్యగారి వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే వచ్చే చరిత్ర చూస్తున్నాం కదా, దానికి తేదీ ఉండదు, ఊరుండదు, కోపం మాత్రం ఉంటుంది.

ఆయన్నే తీసుకోండి. కాటన్ దొర విగ్రహానికి దండ వేసొచ్చి, కాఫీ తాగుతూ "తెల్లవాళ్ళు మనల్ని దోచేశారమ్మా" అంటారు. రెండూ నిజమే, కానీ ఆ రెండింటికీ మధ్య ఏముందో ఆయనకి అక్కర్లేదు. ఉంది. మన నేత బట్ట ఒకప్పుడు సముద్రాలు దాటింది. నరసాపురం దగ్గర మాధవాయపాలెం పేరు మీద ఇంగ్లీషులో ఒక రకం బట్టకి మడపొల్లం అనే పేరే నిలిచిపోయింది. తర్వాత ఇంగ్లండు మిల్లుల బట్ట వచ్చి, కంపెనీ కొనుగోళ్ళు ఆగిపోయి సాలెవాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. 1833లో ఘోరమైన కరువు. 1840ల్లో మాంట్‌గోమరీ అనే అధికారి రాజమండ్రి జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చాడు: జనం తగ్గిపోయారు, శిస్తు పడిపోయింది. ఆ పడిపోయిన శిస్తు లెక్క ఉండబట్టే 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్టకి డబ్బు కదిలింది. 1852కి పూర్తయింది. కాటన్ గొప్పవాడు, నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆయన ఇచ్చిన నీళ్ళు తాగుతూ, ఆ నీళ్ళ ఖర్చు పెట్టినవాళ్ళ లెక్క కూడా చూడగలగాలి నా కూతురు.

"రంగం వెళ్ళి వచ్చిన" తాతలు మన పల్లెల్లో ఎందుకున్నారో, బర్మాని ఇంగ్లీషువాళ్ళు ఎందుకు పట్టుకున్నారో, 1942లో జపాన్ బాంబు కాకినాడ దాకా ఎందుకొచ్చిందో ఇప్పుడు రాయను, పోస్టు పెద్దదైపోతుంది. ఇవాళ కువైట్ వీసా కాగితాలు చదవకుండా వేలిముద్రలు వేసొచ్చే మన ఆడవాళ్ళని చూసినప్పుడల్లా కోరంగి రేవులో ఓడలెక్కిన కూలీలే గుర్తొస్తారు నాకు.

చరిత్ర చదివితే వెంటనే ఉద్యోగం రాదన్నది నిజం. నాకూ రాలేదు. చుట్టాల్లో ఒకాయన నా పక్షాన మాట్లాడుతున్నాననుకుని "పర్వాలేదమ్మా, ఐఏఎస్‌కి పనికొస్తుంది" అన్నారు. ఆ సమర్థనా నాకు నచ్చలేదు. ఇంజనీరింగ్ చదివిన ప్రతి పిల్లా ఉద్యోగం చేస్తోందా? మా వీధిలోనే ఇద్దరు బీటెక్ కోడళ్ళు నాతోపాటు వడియాలు పెడుతున్నారు. వాళ్ళని ఎవరూ ఆ చదువెందుకని అడగరు. చరిత్ర ఒక్కటే రోజూ తన తిండి తను సంపాదించుకోవాలా?

చెప్పడంలోనూ తప్పుంది, ఒప్పుకుంటాను. గైడు కొని, పది మార్కుల జవాబు బట్టీ పట్టించి, తేదీలు చిలకల్లా చెప్పించి పిల్లలకి విసుగు పుట్టించింది మనమే. నాకు ఆ ఒక్క లెక్చరర్‌గారు దొరక్కపోతే నేనూ అలాగే తేలేదాన్ని. ఇప్పుడు మరీ ఘోరం. ఒక కాలేజీకి వెళ్ళి అడిగితే "ఆ గ్రూపుకి పిల్లలెవరూ రావడం లేదండి, తీసేశాం" అన్నారు. రావడం లేదని తీసేశారు, తీసేశారు కాబట్టి రారు.

కానీ నన్నడిగితే అసలు భయం ఉద్యోగం గురించి కాదు. చరిత్ర చదివిన ఆడపిల్లకి ఒక అలవాటు పట్టుకుంటుంది. "మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఇంతే" అని ఎవరైనా అంటే, "ఎప్పట్నుంచి?" అని అడుగుతుంది. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఒక్కసారి అడిగాను. పెద్దవాళ్ళందరూ తిన్నాకే కోడలు తినాలన్న పద్ధతి ఎప్పట్నుంచి ఉందండీ అని. అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "నేనొచ్చినప్పట్నుంచీ ఉంది" అన్నారు. ఆవిడకీ నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఇద్దరం కలిసే తింటున్నాం.

మా ఆయన ఇంకా మౌనవ్రతంలోనే ఉన్నారు. ఫారం మూడు రోజులు టీవీ పక్కన పడుంది. నిన్న రాత్రి "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అన్న గీత మీద నేనే సంతకం పెట్టేశాను. గ్రూపున్న కాలేజీ కొంచెం దూరమే, రెండు బస్సులు మారాలి. రెండో భాష దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. సంస్కృతమైతే మార్కులు రాలతాయి, తెలుగు వద్దంటోంది మా ఆడపడుచు. ఆ గొడవ వచ్చే పోస్టులో.