ఆ డబ్బా బండికా, నాకా?

మొన్న ఆయుధపూజకి మా ఇంటి ముందు రెండు బండ్లకు పూజ జరిగింది. ఒకటి మా నాయన నడిపే ఐషర్ లారీ. అది మాది కాదు, ఓనరుది. అయినా ఏటా పూజ చేసేది మాత్రం నాయనే. రెండోది నా స్కూటీ. సెకండ్ హ్యాండ్‌దే అయినా దానికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ దక్కాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బూడిద గుమ్మడికాయ కొట్టాక, మా వీధి మెకానిక్ అన్న వచ్చి స్కూటీ సీటు ఎత్తాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన నల్ల డబ్బా ఒకటి లోపల పెట్టి, బ్యాటరీకి వైర్లు కలిపాడు.

"ఏందన్నా అది?" అంటే, "జీపీఎస్‌మ్మా. బండి పోతే దొరుకుతుంది" అన్నాడు.

బండి ఇంతవరకూ పోలేదు. ఆ మర్నాటి నుంచి నేను మాత్రం రోజూ దొరుకుతున్నాను.

మాది కె.ఆర్. పురం. నాయనవాళ్లది ముళబాగిలు దగ్గర పల్లె, తెలుగు మాట్లాడతారు. అమ్మది కన్నడ. కోపమొస్తే తెలుగులో అరుస్తాననీ, పని కావాలంటే కన్నడలో బతిమాలుతాననీ మా అన్న ఎగతాళి చేస్తుంటాడు. ఈ మధ్య మా ఇంట్లో రెండు భాషల్లోనూ ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే. నాయనైతే "యాడున్నావు?" అమ్మైతే "ఎల్లిద్దీయ?" విచిత్రం ఏంటంటే, నేనెక్కడున్నానో ఫోన్‌లో చూసుకున్నాకే ఇద్దరూ ఆ మాట అడుగుతారు.

నా గొడవ చెప్పే ముందు నాయన సంగతి చెప్పాలి. ఎందుకంటే జీపీఎస్ మా ఇంటికి ముందు వచ్చింది ఆయన లారీతోనే.

నాయన కోలారు మార్కెట్‌లో టమాటా లోడు ఎత్తుకుని బెంగళూరుకో, మద్రాసు కోయంబేడుకో పోతుంటాడు. 2023 జులైలో టమాటా ధర ఆకాశానికంటింది గుర్తుందా? అప్పుడే కోలారు నుంచి జైపూరుకు బయల్దేరిన టమాటా లారీ ఒకటి చేరకుండానే మాయమైందని పేపర్లలో వచ్చింది. సరుకు విలువ సుమారు 21 లక్షలని రాశారు. ఆ తర్వాత కొన్నాళ్లకి నాయన ఓనరు కూడా తన లారీలన్నిటికీ జీపీఎస్ పెట్టించాడు. దాన్ని నేను తప్పుపట్టను. అంత సరుకు ముక్కూమొహం తెలియని రోడ్ల మీద పోతుంటే ఎవరికైనా భయం ఉంటుంది.

కానీ ఆ భయం ఫోన్ రూపంలో నాయన జేబులోకి వచ్చి కూర్చుంది. బండి పది నిమిషాలు నిలిస్తే ఓనరుకి మెసేజ్ పోతుంది. వెంటనే నాయనకి ఫోన్. "ఎందుకు నిలిపినావు?" టీకి నిలిపినా, ఒంటేలుకి నిలిపినా, పంక్చర్ అయి నిలిచినా అదే ప్రశ్న. ఒక రాత్రి కోయంబేడు నుంచి తిరిగొచ్చి, సరిగ్గా నిద్ర లేకుండానే మళ్లీ కోలారులో లోడు ఎత్తుకున్నాడు. నరసాపుర దాటాక కళ్లు మూసుకుపోతుంటే బండి పక్కకి తీసి, స్టీరింగ్ మీద తల పెట్టాడు. పావుగంట కాకముందే ఫోన్. తిట్లు పడి, బండి తీశాడు. హోసకోట టోల్‌కి ముందు లారీ డివైడర్ అంచుదాకా పోయింది. వెనక బస్సువాడు హారన్ కొడితే మెలకువొచ్చిందని, ఈ సంగతి ఆర్నెల్ల తర్వాత ఏదో మాటల్లో చెప్పాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఓనరు తెర మీద ఆ రాత్రి ఏం కనిపించి ఉంటుంది? ఒక చుక్క నిలిచింది, మళ్లీ కదిలింది. అంతా సవ్యంగానే ఉంది.

అదే డబ్బా ఒకసారి నాయన్ని కాపాడింది కూడా. సరుకు ఆలస్యంగా వచ్చి మెత్తబడిందని ఒక వ్యాపారి బాడుగలో కోత పెట్టబోయాడు. ఓనరు రికార్డు తీసి చూస్తే లారీ తెల్లారుజామున 4:40కే మార్కెట్ గేటు దగ్గర ఉంది. దించుకునేవాళ్లు లేక అక్కడే మూడు గంటలు నిలిచింది. కోత తప్పింది. కాబట్టి ఆ యంత్రం చెడ్డదని నేను అనడం లేదు. కానీ ఆ రికార్డు నాయన ఫోన్‌లో లేదు. ఓనరు ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నాడు, చూశాడు. లేకపోతే?

అసలు ఇది ఎలా పనిచేస్తుందో చదివాక నాకొక సంగతి భలే అనిపించింది. ఆకాశంలో ఉపగ్రహం మనల్ని చూస్తుంటుందని అందరం అనుకుంటాం. అది చూడదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు చేసేదల్లా తామెక్కడున్నాయో, టైమెంతో చెబుతూ పోవడమే. కింద ఉన్న డబ్బా కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని, తానెక్కడుందో తానే లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కని లోపలున్న సిమ్ కార్డు కంపెనీ సర్వర్‌కి, అక్కడి నుంచి యాప్‌కి చేరవేస్తుంది. అంటే ఉపగ్రహానికి మన ఊసే పట్టదు. నిఘా అనేది పైనుంచి రావడం లేదు, పక్కగదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర్నుంచి వస్తోంది.

ఇప్పుడు నా స్కూటీ. నాయన మ్యాప్ మీద రెండు గుండ్రాలు గీయించాడు, ఇంటి చుట్టూ ఒకటి, కాలేజీ చుట్టూ ఒకటి. కాలేజీ టైములో బండి ఆ గుండ్రం దాటితే ఆయన ఫోన్ మోగుతుంది. సీత గీత దాటినప్పుడు కనీసం ఎదురుగా రావణుడైనా ఉన్నాడు. నేను దాటితే ఎదురుగా ఉండేది జిరాక్స్ షాపు. (మేడమ్, ఈ వాక్యం కొట్టెయ్యకండి.)

పోయిన నెల ఒకమ్మాయికి క్లాసులో ఉండగానే ఒంట్లో బాగాలేకపోయింది. స్కూటీ మీద ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఎవరో, ఏమైందో రాయను. ఇంట్లో తెలియకూడదని నా చెయ్యి పట్టుకుని అడిగింది. రెండు గంటలు అక్కడే ఉన్నాం. బయటికొచ్చి చూసుకుంటే ఫోన్‌లో పద్నాలుగు మిస్డ్ కాల్స్.

"ఆస్పత్రిలో నీకేం పని? రెండు గంటలాయ, బండి కదల్లేదు" అన్నాడు నాయన. గొంతులో కోపం కన్నా వణుకే ఎక్కువ ఉంది. నిజం చెబితే ఆ పిల్ల రహస్యం పోతుంది. చెప్పకపోతే నా మీద అనుమానం. "ఆస్పత్రి పక్కన నోట్స్ జిరాక్స్ తీయించుకుంటున్నా నాయనా" అన్నాను. రెండు గంటల జిరాక్స్! నమ్మలేదని నాకు తెలుసు. నేను ఇంట్లో పెద్దగా అబద్ధాలు చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు బాగానే చెబుతున్నాను. ఒక్కోసారి స్కూటీని కాలేజీ స్టాండ్‌లోనే వదిలేసి బస్సులో పోయొస్తాను. అలాంటప్పుడు నాకేదైనా జరిగితే, నాయన ఫోన్‌లో చుక్క కాలేజీలో క్షేమంగా ఉంటుంది.

భద్రత కోసమే కదా అని మీరు అనొచ్చు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత చాలా ఆలోచించారు. బస్సులు, ట్యాక్సీల్లాంటి ప్రయాణికుల వాహనాల్లో లొకేషన్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ ఉండాలని 2016 నవంబరులో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో చేర్చింది. కొత్త వాహనాలకు 2019 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. అన్ని బండ్లలో అవి పనిచేస్తున్నాయా అనేది వేరే కథ. నేను చెప్పేది ఆ ఆలోచన గురించి. అక్కడ బటన్ ఉండాల్సింది ప్రయాణికురాలి చేతికి అందేచోట. ఆపదో కాదో చెప్పేది ఆమె. నా స్కూటీలో డబ్బా సీటు కింద ఉంది, నొక్కడానికి నాకేమీ లేదు. నాకు ఆపద వచ్చిందో లేదో నిర్ణయించేది కూడా నేను కాదు.

పొలిటికల్ సైన్స్ క్లాసులో ఒక తీర్పు గురించి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. బెయిల్ మీద విడుదలయ్యే నిందితుడు తన గూగుల్ మ్యాప్స్ లొకేషన్ దర్యాప్తు అధికారికి కనిపించేలా పెట్టాలనే షరతు చెల్లదని 2024 జులై 8న సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి ప్రతి కదలికా పోలీసులకు తెలిసేలా షరతు పెడితే 21వ అధికరణం కింద అతనికున్న గోప్యత హక్కు దెబ్బతింటుందన్నది. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24నే చెప్పేశారు. ఇదంతా ప్రభుత్వానికీ మనిషికీ మధ్య సంగతి, కన్నతండ్రికి వర్తించదని నాకూ తెలుసు. నాయన మీద కేసు వెయ్యబోవడం లేదు. కానీ బెయిల్ మీదున్న నిందితుడికి కూడా పెట్టకూడని షరతు, ఇంటర్నల్స్ రాసుకుని ఇంటికొచ్చే ఆడపిల్లకి ఎందుకు?

మా అన్నకి పల్సర్ ఉంది. ఏడాదిలో రెండుసార్లు కింద పడ్డాడు. రాత్రి పన్నెండుకి వస్తాడు. వాడి బండికి డబ్బా లేదు. ఎందుకని అమ్మని అడిగితే, "అవను గండుహుడుగ కణే" అంది. మగపిల్లాడంట. పడితే మగపిల్లాడి ఎముకలు విరగవు కాబోలు.

అమ్మ భయాన్ని నేను తీసిపారెయ్యను. మా వెనక వీధిలో ఇంటి ముందు పెట్టిన స్కూటర్ ఒకటి పోతే, డబ్బా ఉండబట్టే రెండు రోజుల్లో దొరికింది. దొంగతనం సంగతైతే డబ్బా ఉండాల్సిందే. నేను అడిగేది వేరే. ఇంజిన్ ఆపి తాళం వేశాక బండి కదిలితే మోగే అలారం ఉంచండి, ఆ గుండ్రాలు తీసెయ్యండి. నేను ఏ పూట ఎక్కడున్నానన్న పాత రికార్డు నెలల తరబడి దాచొద్దు. అన్నిటికన్నా ముందు, ఆ యాప్ నా ఫోన్‌లో కూడా ఉండాలి. నా గురించి ఏం కనిపిస్తోందో మొదట నాకు కనిపించాలి.

నాయన లారీకీ ఇదే వర్తిస్తుంది. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లోనే ఒక చట్టం వచ్చింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉండేది. మామూలుగా రోజుకి ఎనిమిది గంటల పని, ఐదు గంటలు నడిపేలోగా కనీసం అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. కానీ అది ఐదుగురైనా పనిచేసే సంస్థలకే వర్తించేది. రెండు లారీల ఓనర్లకు అది అంటేది కాదు. అయినా ఆ అరగంటని లెక్కపెట్టడానికి ఇంతకన్నా మంచి యంత్రం ఏముంది? "ఎందుకు నిలిపినావు?" అని అడిగే డబ్బాయే "ఆరు గంటలైంది, ఇంకా ఎందుకు నిలపలేదు?" అని కూడా అడగగలదు. ఎవరూ దాన్ని అలా వాడటం లేదు, అంతే.

మీలో చాలామందికి ఈ డబ్బా ఉండకపోవచ్చు. ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టి పంపమనేవాళ్లు ఇంట్లోనో, ఇంకోచోటో ఉండే ఉంటారు. మీరెవరికి పంపుతున్నారో, వాళ్లు మీకు పంపుతున్నారా అని ఒకసారి చూసుకోండి.

పోయిన ఆదివారం నాయన అన్నం తింటుంటే అడిగేశాను. "నాయనా, నరసాపుర దగ్గర ఓనరు ఫోన్ చేసినప్పుడు నీకెట్లుండింది?" చాలాసేపు మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "వాడు నాకు జీతమిచ్చేవాడు. నేను నీ నాయన్ని. రెండూ ఒకటేనా?" అన్నాడు. ఒకటి కాదు. అందుకే నాకు జవాబు వెంటనే రాలేదు. ఆలోచించి, ఇదంతా రాశాను.

నాయనకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. బడిలో చదివింది కన్నడమే. అందుకని ఈ కాగితం గోడ మీదికి ఎక్కేముందు ఫోటో తీసి పెట్టుకున్నాను. ఈ వారం లోడు లేని రోజు చూసి చదివి వినిపించాలి.