నెమ్మదిలోని బలిమి

పల్నాడు అనగానే తెలుగువారి మనస్సులలో మొదట మెదిలేది పౌరుషం. పన్నెండవ శతాబ్దిలో కారెంపూడి వద్ద, నాగులేటి పరిసరాలలో జరిగిన యుద్ధం నేటికీ ఆ సీమ ప్రజల నాలుకలపై నిలిచి ఉంది. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు మొదలైనవారి గాథలను వినని పల్నాటి బిడ్డ ఉండడు. ఏటా కార్తిక మాసం చివర కారెంపూడిలో వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. వీరుల ఆయుధాలకు పూజలు జరుగుతాయి. కర్ర పట్టడం, సాము చేయడం, పందెంలో గెలవడం అక్కడ బలానికి గుర్తులుగా తరతరాలుగా చెల్లుతూ వచ్చాయి.

అయితే బలం అంటే ఎదుటివానిని పడగొట్టే శక్తి మాత్రమేనా? వేగమే సామర్థ్యానికి కొలమానమా? ఈ ప్రశ్నలకు చైనాలో పుట్టిన రెండు సాధనలు ఆలోచింపదగిన సమాధానం చెబుతున్నాయి. అవి చీగోంగ్, తాయ్‌చీ. వీటిలో తాయ్‌చీ ఒకప్పుడు యుద్ధవిద్య. నేడు అది అనేక దేశాలలో వృద్ధులు సైతం ఆచరిస్తున్న ఆరోగ్యవిద్య. పిడికిలి బిగించడానికి పుట్టిన విద్య, పిడికిలిని సడలించి ఊపిరిని నిలకడ చేసే విద్యగా ఎలా మారిందో తెలుసుకోవడం వీరత్వాన్ని గౌరవించే సీమకు ఎంతైనా అవసరం.

ముందుగా పేర్ల సంగతి చూడాలి. తెలుగు లిపిలో రాసినప్పుడు రెండు పేర్లలోనూ ‘చీ’ కనిపిస్తుంది. అందువల్ల రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట అని పలువురు భ్రమపడతారు. చైనా భాషలో అవి వేర్వేరు మాటలు. చీగోంగ్‌లోని ‘చీ’కి ఊపిరి, గాలి, ప్రాణశక్తి అని అర్థాలు. ‘గోంగ్’ అంటే ఓర్పుతో చేసిన కృషి వల్ల అబ్బే నేర్పు. కనుక చీగోంగ్‌ను ప్రాణసాధన అని తెలుగు చేయవచ్చు. తాయ్‌చీలోని ‘చీ’కి హద్దు, అవధి అని అర్థం. తాయ్‌చీ అంటే పరమావధి. కదలిక, నిశ్చలత వంటి ద్వంద్వాలన్నింటికీ మూలమైన స్థితి అది అని చైనా తాత్త్వికుల భావన. ఆ విద్య పూర్తి పేరు తాయ్‌చీ చువాన్. ‘చువాన్’ అంటే పిడికిలి. అది పోరాటవిద్య అన్న సంగతి పేరులోనే దాగి ఉంది.

ఊపిరితో కదలికను జతచేసే సాధనలు చైనాలో బహు ప్రాచీనమైనవి. 1973లో హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌డుయ్‌లో జరిపిన తవ్వకాలలో క్రీ.పూ. 168 నాటి సమాధి నుంచి పట్టువస్త్రంపై చిత్రించిన ఒక పటం బయటపడింది. అందులో 44 మంది స్త్రీపురుషులు వ్యాయామ భంగిమలలో కనిపిస్తారు. క్రీ.శ. 200 ప్రాంతంలో జీవించిన హువాతువో అనే వైద్యుడు పులి, లేడి, ఎలుగుబంటి, కోతి, పక్షి అనే ఐదింటి కదలికలను అనుకరించే వ్యాయామాన్ని బోధించినట్లు చైనా చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఎనిమిది సులువైన భంగిమలతో కూడిన ‘బాదువాన్‌జిన్’ అనే సాధన కూడా శతాబ్దాలుగా ప్రచారంలో ఉంది. ఇన్ని రకాల సాధనలకు చీగోంగ్ అనే ఉమ్మడి పేరు స్థిరపడింది మాత్రం 1950ల తరువాతనే. సాధన పాతది, పేరు కొత్తది.

తాయ్‌చీ కథ వేరు. హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగోవ్ అనే పల్లెలో, 17వ శతాబ్దిలో, చెన్ వంశీయుల మధ్య ఈ విద్య రూపుదిద్దుకొన్నదని చరిత్రకారులలో అధికుల అభిప్రాయం. 1799లో జన్మించిన యాంగ్ లూచాన్ ఆ పల్లెలో ఈ విద్యను అభ్యసించి బీజింగ్ నగరానికి చేర్చాడు. ఎదుటివాని బలానికి తన బలాన్ని అడ్డుపెట్టక, దానికి దారి ఇచ్చి, దాని తూకం తప్పించడమే ఇందులోని కిటుకు. 1956లో చైనా క్రీడాధికారులు సామాన్య ప్రజల కోసం 24 భంగిమలతో ఒక సరళమైన వరుసను రూపొందించారు. ఆనాటి నుంచి అది ఉద్యానవనాలకు, పాఠశాలలకు, వైద్యశాలలకు ప్రాకింది. 2020లో యునెస్కో తాయ్‌చీని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ సంపదలో చేర్చింది. అదే గౌరవం యోగాకు 2016లోనే లభించింది.

ఈ రెండు సాధనలకు గల సంబంధాన్ని సంగీతంతో పోల్చి చూడవచ్చు. సంగీతం నేర్చేవారు సరళీస్వరాలతో గొంతును సవరించుకొంటారు. ఆ పిమ్మట కీర్తనకు వెళతారు. స్వరసాధన లేని కీర్తన నిలువదు. అయినా జీవితమంతా స్వరసాధన చేసినా అది తనంతట కీర్తన కాదు. చీగోంగ్ స్వరసాధన వంటిది. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్ళను కొద్దిగా సడలించి, ఊపిరి పీలుస్తూ రెండు చేతులను తల మీదికి ఎత్తి, విడుస్తూ మెల్లగా దించడం అందులో ఒక భంగిమ. అదే భంగిమను పలుమార్లు చేస్తారు. ఒక్కొక్క భంగిమ తనంతట తానే పూర్తి. తాయ్‌చీలో భంగిమలు గొలుసుకట్టుగా సాగుతాయి. ఒకటి ముగియకముందే మరొకటి మొదలవుతుంది. శరీరభారం ఒక కాలి నుంచి మరొక కాలికి నిదానంగా మారుతుంది. ప్రతి కదలిక వెనుక తోయడం, తప్పించుకోవడం, పట్టి వంచడం వంటి పోరాట ప్రయోజనం ఒకటి ఉంటుంది. దేహాన్ని సడలించడం, ఊపిరిని నిలకడ చేయడం, మనస్సును కదలికపై నిలపడం రెండింటికీ ఉమ్మడి పునాది. ఈ పునాది లేనిదే తాయ్‌చీ వట్టి చేతులు ఊపడంగా మిగులుతుంది. కాబట్టి ఏది గొప్ప అన్న వాదం కన్న ఏది ముందు అన్న వివేకం మేలు. సాధారణ ఆరోగ్యం కోరేవారికి చీగోంగ్ తేలికైన ప్రవేశద్వారం. శ్రద్ధ కలిగినవారికి తాయ్‌చీ సుదీర్ఘమైన చదువు.

“మనకు యోగా ఉండగా పొరుగుదేశపు వ్యాయామం ఎందుకు? పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు ఉంది” అని కొందరు ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణకు సమాధానం పల్నాటి గడ్డలోనే ఉంది. మాచర్ల సమీపంలోని నాగార్జునకొండ లోయ మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన చోటు. నాగార్జునసాగర్ జలాలలో ఆ లోయ మునగక ముందు, 1954 నుంచి 1960 వరకు, అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. అక్కడ లభించిన శాసనాలలో, వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించినది ఒకటి. బౌద్ధ భిక్షువులకు సంబంధమున్న దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, వంగం, తామ్రపర్ణి ద్వీపాలతో పాటు చీన దేశపు పేరు కూడా అందులో కనిపిస్తుంది. ఏడవ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కృష్ణాతీరంలోని ధాన్యకటక సీమకు వచ్చాడు. దాదాపు పదిహేడు వందల ఏండ్ల క్రిందటనే పరదేశాల పేర్లను గౌరవంతో రాతిపై చెక్కించిన నేలకు ఒక మంచి సాధన పరాయిదన్న కారణంగా వెలి వేయవలసిన పని లేదు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిధర్ముడే చైనా వారికి ఈ విద్యలన్నీ నేర్పాడని, కాబట్టి ఇవన్నీ భారతీయమేనని చాటేవారు ఉన్నారు. బోధిధర్ముడు షావోలిన్ మఠంలో బోధించాడని చెప్పే వ్యాయామ గ్రంథం నిజానికి 17వ శతాబ్ది నాటిదని, ఆయన కాలానికి పదకొండు వందల ఏండ్ల తరువాతిదని పరిశోధకులు నిర్ధారించారు. గర్వం కోసం చరిత్రను వంచడం విద్యకు శోభ కాదు. ఒక సాధన విలువను దాని పుట్టినిల్లు నిర్ణయించదు. దానిని ఆచరించిన వారికి కలిగిన మేలు నిర్ణయిస్తుంది.

ఆ మేలు ఎంతటిదో పరిశోధనలు కొంతవరకు తేల్చాయి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో కంపవాతంతో బాధపడే 195 మందిని మూడు వర్గాలుగా విభజించి 24 వారాలపాటు పరిశీలించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం తాయ్‌చీ చేసినవారికి నిలకడ మిగిలిన రెండు వర్గాలకంటె మెరుగుపడింది. కేవలం కండరాలు సాగదీసే వ్యాయామం చేసినవారికంటె వీరు తక్కువసార్లు పడిపోయారు. వృద్ధులు పడిపోకుండా కాపాడే వ్యాయామాలపై జరిగిన 108 పరిశోధనలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2019లో వెలువడింది. తాయ్‌చీ వల్ల పడిపోవడం సుమారు ఐదింట ఒక వంతు తగ్గవచ్చునని అది తెలిపింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ముసలివారు ఉన్న ఇంటికి ఈ లెక్క విలువ చెప్పనక్కరలేదు.

అయినా హద్దు మరువరాదు. 1980లలో చైనాలో చీగోంగ్ మోజు మితిమీరింది. చేయి తాకకుండానే రోగాలు నయం చేస్తామని, అద్భుత శక్తులు చూపుతామని పలువురు గురువులు బయలుదేరారు. చదువుకొన్నవారు సైతం వారి వెంట నడిచారు. తుదకు 1990ల చివర ప్రభుత్వం కఠినంగా జోక్యం చేసుకొన్నది. ఆ తరువాత 2003లో నాలుగు సరళమైన ఆరోగ్య చీగోంగ్ వరుసలను అధికారికంగా ప్రకటించింది. ఈ అనుభవం నేర్పే పాఠం స్పష్టం. చీగోంగ్ వ్యాయామమే కాని మంత్రం కాదు. దానిని నమ్మి మధుమేహానికో రక్తపోటుకో వాడే మందులు మానివేయడం ప్రాణాపాయం. అదే విధంగా పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ములో పనిచేసే కూలీకి శ్వాససాధన నేర్పినంత మాత్రాన సరిపోదు. ముందుగా అతనికి పరిశుభ్రమైన గాలి కావాలి. లోపలి ఊపిరిని చక్కదిద్దే బోధ బయటి గాలిని పాడుచేసేవారి బాధ్యతను కప్పిపుచ్చే సాకు కాకూడదు.

“మిరపతోటలో పొద్దంతా పనిచేసేవారికి వేరే వ్యాయామం దేనికి?” అన్న ప్రశ్న కూడా సహజమే. కాయలు కోసే స్త్రీలు గంటల తరబడి నడుము వంచి ఉంటారు. అవే కండరాలు అదే తీరున శ్రమిస్తాయి. మిగిలినవి పనిలేక బిగుసుకొంటాయి. శ్రమ శరీరాన్ని వాడుకొంటుంది, వ్యాయామం శరీరాన్ని సరిదిద్దుతుంది. పని ముగిసిన తరువాత పావుగంట నిటారుగా నిలిచి, చేతులను ఆకాశంవైపు చాచి, ఊపిరిని నిదానపరచడం వారికి విశ్రాంతితో కూడిన వ్యాయామం కాగలదు. నేలపై కూర్చోలేని వృద్ధులకు నిలబడి చేసే ఈ సాధన మరింత అనుకూలం. చాప అక్కరలేదు, పరికరం అక్కరలేదు, ఖర్చు లేదు. యోగాకు ఇది పోటీ కాదు, తోడు.

అన్నింటికంటె ముఖ్యంగా ఈ మాట జూనియర్ కళాశాలలకు చెందుతుంది. నరసరావుపేట వంటి పట్టణాలలో విద్యార్థులు వేకువ నుంచి రాత్రి వరకు బల్లల మీదనే గడుపుతున్నారు. మార్కుల పరుగులో ఆటస్థలం మొదట బలి అవుతున్నది. త్వరగా చదవడం, త్వరగా రాయడం, త్వరగా గెలవడం మాత్రమే నేర్చిన మనస్సు ఒక్క ఓటమికే తల్లడిల్లిపోతుంది. దినచర్యలో అరగంట సేపు యోగా కాని, కర్రసాము కాని, చీగోంగ్ కాని ఏదో ఒకటి క్రమం తప్పక నేర్పడం దుబారా కాదు, చదువులో భాగమే. పది నిమిషాలు ఒకేచోట నిలిచి తన ఊపిరిని తాను గమనించగలిగిన విద్యార్థికి ప్రశ్నపత్రం ముందు కూర్చున్నప్పుడు ఆ నేర్పు అక్కరకు వస్తుంది.

నిదానమే ప్రధానం అన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. పల్నాటి చరిత్ర కూడా కత్తుల చరిత్ర మాత్రమే కాదు. కులభేదం పాటించక అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు వల్ల బ్రహ్మనాయుడు నేటికీ స్మరణీయుడు. పోరాటవిద్యను ఆరోగ్యవిద్యగా మలచుకొన్న చైనా పల్లె చెప్పేదీ ఇటువంటి సంగతే. కోడిపందెంతో మొదలైన పగ ఒక తరాన్ని బలిగొన్న సీమలో, బలానికి మరొక అర్థం నేర్చుకోవలసిన అవసరం యువతకు ఉంది. ఎదుటివానిని పడగొట్టడానికి కొద్దిపాటి కోపం చాలు. ఎంతటి తాకిడికైనా తాను పడిపోకుండా నిలవడానికి మాత్రం దీర్ఘకాలపు సాధన కావాలి.