పర్ణశాల లేని కోత పండుగ

దసరా, దీపావళి వెళ్లిన తర్వాత నారాయణఖేడ్ నుంచి సంగారెడ్డి వైపు వచ్చే దారిలో ఏటా ఒక దృశ్యం కనబడుతుంది. ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ ట్రాలీల మీద, డీసీఎంలలో కుటుంబాలకు కుటుంబాలే ప్రయాణమై పోతుంటాయి. బండిలో వంటగిన్నెలు, బియ్యం మూట, జొన్నపిండి, చుట్టచుట్టిన టార్పాలిన్, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి మధ్య పిల్లలు. చెరకు నరకడానికి బయలుదేరిన లంబాడా కుటుంబాలివి. కొందరు జహీరాబాద్ వైపు, కొందరు కామారెడ్డి వైపు వెళ్తారు. మరికొందరు కర్ణాటక, మహారాష్ట్ర దాకా పోతారు. నాలుగైదు నెలలపాటు వారి తండాల్లో ముసలివాళ్లు, తాళం వేసిన ఇళ్లు మిగులుతాయి. హోళీకో ఉగాదికో మళ్లీ మనుషుల అలికిడి వినబడుతుంది.

కొన్నేళ్ల క్రితం మా కొండాపూర్ ప్రాంతంలో కోత పండుగకు ముందురోజు, శనివారం సాయంత్రం. గుడి స్తంభాలకు చెరకు గడలు కట్టాం. గుమ్మడికాయలు, జొన్న కంకులు, వడ్ల బస్తాలు ముందు వరుసలో పేర్చాం. అంతలో గేటు దగ్గర రెండు ఎడ్లబండ్లు ఆగాయి. ముందు బండిలో భర్త, భార్య, ఇద్దరు పిల్లలు. వెనుక బండిలో అతని తమ్ముడి కుటుంబం. ఒక ఊళ్లో చెరకు నరకడం అయిపోయింది. తర్వాతి తోటకు మిల్లు నుంచి కటింగ్ ఆర్డరు ఇంకా రాలేదు.

"సారూ, ఈ ఒక్క రాత్రి గోడ పక్కన పండుకుంటం. ఎడ్లకు జర నీళ్లు తాపుకుంటం. పొద్దుగాల ఎల్లిపోతం" అన్నాడతను.

మా సంఘపెద్ద ఒకరు నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, లోపల మైకుసెట్టుంది, కానుకలున్నాయి. వీళ్లెవరో ఏమో" అన్నారు. తప్పు ఆయన మీదికి నెట్టను. ఆ మాట కోసమే నేనూ ఎదురుచూస్తున్నాను. రేపు ఆరాధన ఉంది, ఎడ్లుంటే ఆవరణ పాడవుతుందని చెప్పి రోడ్డు అవతలి చింతచెట్టు చూపించాను. అతను మారుమాట్లాడలేదు. ఇలాంటి జవాబులు వినడం అలవాటైనవాడిలా బండి తిప్పుకున్నాడు.

మరునాడు 126వ కీర్తన మీద ప్రసంగించాను. కన్నీళ్లతో విత్తినవారు సంతోషంతో కోస్తారని చెప్పాను. ఆరాధన తర్వాత వేలంపాట జరిగింది. ఒక్క చెరకు గడ పలికిన ధర, ఒక టన్ను చెరకు నరికితే ఆ రోజుల్లో దొరికే కూలి కంటే ఎక్కువ. అందరం చప్పట్లు కొట్టాం. మధ్యాహ్నం రోడ్డు దాటి వెళ్లి చూశాను. చింతచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, బూడిద, ఎడ్లు మేసి వదిలిన చెరకాకు ఉన్నాయి. దేవుని మందిరంలో చెరకుకు చోటు దొరికింది. దాన్ని నరికినవాళ్లకు దొరకలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ తర్వాతే వాళ్ల బతుకు గురించి అడిగి తెలుసుకున్నాను. ఇంట్లో గింజలు అడుగంటే వానాకాలంలోనే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక జోడీగా లెక్కిస్తారు. మహారాష్ట్రలో ఆ జోడీకి 'కోయితా' అని పేరు. కోయితా అంటే చెరకు నరికే కత్తి. ఇద్దరు మనుషులు కలిస్తే అక్కడి లెక్కలో ఒక కత్తి! కూలి టన్నుల చొప్పున. తెల్లవారకముందే తోటలోకి దిగాలి. మొదలంటా నరకాలి, ఆకు దూయాలి, కొస కొట్టాలి, కట్టలు కట్టాలి, లారీకి ఎత్తాలి. నరికిన చెరకు నిలవ ఉంటే బరువూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. అందుకని ఒక రోజులోగా మిల్లుకు చేరాలంటారు. లారీ అర్ధరాత్రి వచ్చినా నిద్ర లేచి మోయాలి.

వాన పడినా, మిల్లు ఆగినా, ఆర్డరు రాకపోయినా కూలి లేదు. ఆకలి మాత్రం ఆగదు. ఒక తోటకూ మరో తోటకూ మధ్య దారిలో గడిచే రోజులు ఎవరి లెక్కలోకీ రావు. ఆ రోజుల తిండి ఖర్చు అడ్వాన్సు మీదికే చేరుతుంది. చివర్లో అప్పు మిగిలితే వచ్చే ఏడూ అదే మేస్త్రీ, అదే దారి. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. ఆ రోజు రైతు బాధ గురించి, ఫ్యాక్టరీ కార్మికుల బాధ గురించి పత్రికలు రాశాయి. చెరకు నరికేవాడి గురించి రాసినవి తక్కువ. దగ్గరి మిల్లు మూతపడితే అతని దారి ఇంకొంత పొడవవుతుంది, అంతే.

ఆడవాళ్ల కష్టం వేరే చెప్పాలి. స్నానానికి చాటు ఉండదు, కాన్పుకు మంచం ఉండదు. ఒక్క రోజు పని మానితే జరిమానా. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే స్త్రీలు చాలామంది చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నారని 2019లో బయటపడింది. అక్కడి ప్రభుత్వం విచారణకు కమిటీ వేయవలసి వచ్చింది. మన రాష్ట్రంలోనూ ఒక సంగతి మరచిపోరాదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిరపతోటల్లో కాయలు ఏరడానికి వచ్చిన 12 ఏళ్ల బాలిక తనవాళ్లతో కలిసి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు కాలినడకన బయలుదేరింది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకొంత దూరంలో ఉందనగా ప్రాణం విడిచింది. ఆ పిల్ల ఏరిన మిరపకాయలు ఎవరి కూరలోకి వెళ్లాయో మనకు తెలియదు. మన కూరలోకి రాలేదని చెప్పలేం.

ఇదంతా కార్మిక శాఖ చూసుకోవాలి గదా, సంఘానికేం పని అని కొందరు అడగవచ్చు. జవాబు మన చేతిలోని బైబిల్లోనే ఉంది. లేవీయకాండం 23వ అధ్యాయం పండుగల పట్టిక. ఏ నెల, ఏ రోజు, ఏ అర్పణ అని వరుసగా చెప్పుకుంటూ పోతుంది. పెంతెకొస్తు పండుగ వివరాలు ముగియగానే, తర్వాతి పండుగ మొదలుకాకముందే, 22వ వచనంలో ఉన్నట్టుండి పొలం గట్టు కనబడుతుంది. పొలం అంచులదాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. సెమినరీలో చదివే రోజుల్లో ఈ వచనం ఇక్కడెందుకుందని నేను ఆశ్చర్యపోయాను. ఇప్పుడు అర్థమవుతోంది. పొలంలో అన్యాయం చేసి గుడిలో పండుగ చేసుకోకుండా దేవుడు దాన్ని రెండు పండుగల నడుమ నాటాడు.

అదే అధ్యాయం చివర పర్ణశాలల పండుగ ఉంది. పంట ఇంటికి చేరిన తర్వాత, గాదెలు నిండిన తర్వాత, ఇల్లు విడిచి ఏడు రోజులు కొమ్మల పాకల్లో కాపురముండాలి. ఐగుప్తు నుంచి వచ్చినప్పుడు మీరూ పాకల్లో బతికినవాళ్లేనని మీ పిల్లలకు తెలియాలి అన్నదే దానికి కారణం. గాదె నిండినవాడు గుడారాన్ని మరచిపోతాడని దేవునికి తెలుసు. ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం ఆ పండుగకు ఎవరిని పిలవాలో కూడా చెబుతుంది. కొడుకులు, కూతుళ్లతో పాటు దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు అందరూ కలిసి సంతోషించాలి. మనమేమో కోత పండుగను తెచ్చుకున్నాం, పర్ణశాలను పొలం గట్టునే వదిలేశాం. చెరకాకు కప్పిన ఆ గుడిసెలే మన కాలపు పర్ణశాలలు. ఇశ్రాయేలీయుడు వారం రోజులకు ఇల్లు చేరేవాడు. వీళ్లు నెలల తరబడి అక్కడే ఉంటారు.

బోయజును చూడండి. రూతును పెండ్లాడినందుకు మనం ఆయనను మెచ్చుకుంటాం. అంతకంటే ముందు ఆయన మంచి యజమాని. పొలానికి రాగానే కోతవాళ్లను దేవుని పేరట పలకరించాడు. రూతును ముట్టవద్దని పనివాళ్లకు గట్టిగా చెప్పాడు. దాహమైతే కుండల దగ్గరకు వెళ్లి తాగమన్నాడు. భోజనవేళ కోతవాళ్ల సరసన కూర్చోబెట్టి తన చేతితో అందించాడు. పలకరింపు, భద్రత, నీళ్లు, అన్నం. చట్టాలు ఇంకా వెతుకుతున్న నాలుగు సంగతులు ఒక్క అధ్యాయంలో ఉన్నాయి. ఇక యాకోబు పత్రిక 5వ అధ్యాయం మరింత కఠినం. బిగపట్టిన కూలి మొరపెడుతుంది, కోసినవారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని పడతాయి. మన వేలంపాట చప్పట్ల మధ్య ఆ కేక మనకు వినబడకపోవచ్చు. ఆయనకు వినబడుతుంది.

కోత విస్తారం, పనివారు కొద్దిమంది అన్న ప్రభువు మాట మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ప్రతిసారీ సువార్తికుల కోసమే ప్రార్థించాం. అది సరైనదే. కానీ దానికి ముందున్న వచనాన్ని తొందరగా దాటేశాం. కాపరిలేని గొర్రెలవలె విసికి చెదిరిన జనాన్ని చూసి ప్రభువు మొదట కనికరపడ్డాడు. కోత మాట తర్వాత వచ్చింది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో వాక్యము మన మధ్య నివసించెనని చదువుతాం. అక్కడి గ్రీకు మాటకు గుడారం వేసుకున్నాడని అర్థం. మన దేవుడు గుడారం వేసుకొని వచ్చినవాడు. అలాంటప్పుడు గుడారంలో ఉన్నవాణ్ణి గేటు బయట నిలబెట్టి మనం ఎవరిని ఆరాధిస్తున్నాం?

మన సొంత చరిత్రనైనా గుర్తు చేసుకోవాలి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయం కరువు రోజుల్లో లేచింది. పోస్నెట్ దొరగారు ఆకలితో ఉన్నవారికి పని కల్పించి, అన్నం పెట్టి ఆ గుడి కట్టించారు. ఆ రాళ్లు మోసినవారి మనుమలు, మునిమనుమలు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసుకుంటూ కిరాయి ఇళ్లలో ఉంటున్న విశ్వాసులు ఎందరో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారే. 2020 మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో ఎక్కినవారు మన పక్కనున్న కందిలో ఐఐటీ భవనాలు కట్టిన కూలీలు. వలస వచ్చినవాడు మనకు పరాయివాడు ఎలా అవుతాడు?

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. చెరకు కాలంలో గుడి కుళాయి గేటు బయటికి కూడా ఒకటి పెట్టవచ్చు. దారిలో చీకటిపడిన కుటుంబానికి సండేస్కూలు గది తెరవవచ్చు. స్త్రీలకు స్నానపుగది తాళంచెవి ఇవ్వవచ్చు. వేరే ఊళ్లోనూ రేషన్ తీసుకునే వీలుందని చాలామందికి తెలియదు, డీలరు దగ్గరకు తోడు వెళ్లవచ్చు. చదువుకున్న యువకులు పిల్లలను దగ్గరి బడిలోనో అంగన్‌వాడీలోనో చేర్పించవచ్చు. చెరకు తోటలున్న విశ్వాసులు కూలి లెక్క కాగితం మీద రాసి, ముఠా కదలకముందే చెల్లించేలా చూడవచ్చు. ఒక్క మనవి. నీళ్లివ్వడానికి కరపత్రం షరతు పెట్టకండి. బోయజు నీళ్లకుండ చూపించిన రోజున రూతును ఏమీ అడగలేదు.

మరుసటి ఏడు కోత పండుగకు ముందే మా సంఘం కూర్చొని మాట్లాడుకుంది. గేటు తీసి ఉంచాలని తీర్మానించాం. అనుమానపడిన ఆ సంఘపెద్దే ఎడ్లకు తొట్టి కట్టించారు. ఆ ఏడు మూడు కుటుంబాలు వచ్చాయి. మైకుసెట్టు ఎక్కడిదక్కడే ఉంది. ఉదయం ఆరాధనకు వచ్చిన మా సహోదరీలు చూసేసరికి ఆవరణంతా ఊడ్చి ఉంది, పేడ ఎత్తి ఉంది. వెళ్తూ వెళ్తూ ఒకామె స్తంభానికి వదులుగా ఉన్న చెరకు గడలను విప్పి, గట్టిగా మళ్లీ కట్టింది. కట్టడం ఆమెకు తెలిసినట్టు మాకు తెలియదు గదా.

ఆ చింతచెట్టు కింద రాత్రి గడిపి వెళ్లిన కుటుంబం మాత్రం మళ్లీ రాలేదు. వాళ్ల పేర్లు కూడా నేను అడగలేదు. ప్రతి ఏడూ కోత పండుగ రోజున ఆ ఒక్క తప్పును దేవుని ముందు ఒప్పుకొని ప్రసంగం మొదలుపెడతాను. మీ గుడి స్తంభానికి ఈసారి చెరకు కట్టేటప్పుడు, దాన్ని నరికిన చేతులు ఆ రాత్రి ఎక్కడ నిద్రపోతాయో ఒక్కసారి అడగండి.