గాయానికి బాకీ జైలు గోడ దగ్గర ఆగదు

సైన్యంలో వెన్ను దెబ్బతినో, మనసు చెదిరో నూరు శాతం వైకల్యం ఉందని తేలిన అమెరికా మాజీ సైనికుడికి, భార్య కూడా ఉంటే, 2025 రేట్ల ప్రకారం నెలకు 4,000 డాలర్లకు పైగా పరిహారం వస్తుంది. అతనికి ఫెలొనీ, అంటే తీవ్ర నేరం కింద శిక్ష పడి 60 రోజులు జైల్లో గడిస్తే, 61వ రోజు నుంచి అది 175 డాలర్లకు పడిపోతుంది. మిగతా డబ్బు ఏమవుతుంది? కుటుంబ అవసరాన్ని బట్టి భార్యకో, పిల్లలకో, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకో వాటాగా ఇవ్వొచ్చని చట్టమే చెబుతుంది. కానీ వాళ్లు అడగాలి. ఫారం నింపి, అవసరం చూపించి అడగాలి. అడగకపోతే ఆ డబ్బు ప్రభుత్వం దగ్గరే మిగిలిపోతుంది.

ఎక్కడో అమెరికా జైళ్ల గురించి మనకెందుకు అని కొందరు అడగొచ్చు. కాగితం మీద ఉన్న హక్కు అణగారిన మనిషి చేతికి అందే దారిలో ఎక్కడెక్కడ జారిపోతుందో ఈ ఉదాహరణ చాలా స్పష్టంగా చూపిస్తుంది. ఆ దారి మనకూ తెలిసిందే.

అమెరికా న్యాయశాఖ లెక్కల ప్రకారం 2011–12లో అక్కడి జైళ్లలో సుమారు 1,81,500 మంది మాజీ సైనికులు ఉన్నారు. ఖైదీల్లో వీళ్లు 8 శాతం. అమెరికా జైళ్లలో నల్లజాతివాళ్లు జనాభాలో తమ వాటాకు మించి ఉంటారు. సైనిక సంక్షేమంలో మాత్రం వాళ్ల వాటా ఎప్పుడూ కుదించుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాజీ సైనికుల కోసం ప్రభుత్వ హామీతో ఇంటి రుణాలు ఇచ్చారు. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో ఇచ్చిన 3,200కు పైగా రుణాల్లో నల్లజాతివాళ్లకు దక్కినవి రెండంటే రెండే. చట్టంలో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. రుణం మంజూరు చేసే చేతులకు మాత్రం రంగు కనిపించింది. 2010 నుంచి 2020 దాకా వచ్చిన వైకల్య అర్జీలను పరిశీలించిన అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2023లో నివేదిక ఇచ్చింది. నల్లజాతి మాజీ సైనికుల అర్జీలకు ఆమోదం సాధారణంగా తెల్లవాళ్ల కన్నా తక్కువగా దొరికిందని తేల్చింది. వియత్నాం యుద్ధంలో పనిచేసిన కాన్లీ మంక్ ఈ వివక్షపైనే 2022 నవంబరులో కనెక్టికట్ ఫెడరల్ కోర్టుకెక్కాడు.

బయట ఉన్నవాళ్ల పరిస్థితే ఇదైతే లోపల ఉన్నవాళ్ల సంగతేమిటి?

వైకల్య పరిహారానికి మూడు విషయాలు రుజువు కావాలి. ఇప్పుడు వైకల్యం ఉందని, సర్వీసులో గాయమో జబ్బో సంఘటనో జరిగిందని, ఆ రెండింటికీ సంబంధం ఉందని. జైల్లో ఈ మూడూ కష్టమే. వైద్య పరీక్షకు ఖైదీ తనంతట తాను వెళ్లలేడు. తేదీకి జైలు అధికారులు తీసుకెళ్లకపోతే పరీక్షకు రాలేదన్న కారణంతో అర్జీ పోయే ప్రమాదం ఉంది. పాత రికార్డులు తెప్పించుకోవాలంటే ఉత్తరాలే గతి. 1973లో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం తగలబడి కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. ఆ తరం మనిషి తన సర్వీసును సాటి సైనికుల సాక్ష్యాలతో, పాత ఉత్తరాలతో నిరూపించుకోవాలి. సెల్లో కూర్చుని ఆ సాటి సైనికుడిని వెతకడం ఎలా? మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు 1991లోనూ, 1995లోనూ ఈ ఇబ్బందిని గుర్తించింది. ఖైదులో ఉన్నవాళ్లకు వాళ్ల పరిస్థితికి తగ్గట్టు సాయం అందించాలని చెప్పింది. అవసరమైతే డాక్టరే జైలుకు వెళ్లొచ్చు, లేదా జైలు డాక్టరు చేతే పరీక్ష చేయించొచ్చు. ఈ తీర్పు తెలిసినవాడు అడుగుతాడు. తెలియనివాడు అర్జీ పోయిందని ఊరుకుంటాడు.

తెలియని విషయాలు ఇంకా చాలా ఉన్నాయి. లోపలి నుంచే కొత్త అర్జీ పెట్టుకోవచ్చు. శిక్ష పడకముందు, విచారణ కోసం నిర్బంధించిన కాలానికి పరిహారం తగ్గదు. ఫెలొనీ కాని చిన్న నేరానికి శిక్ష పడినా తగ్గదు. పనికి బయటికి పంపే పథకంలో ఉన్నా, విడుదలకు ముందు ఉంచే హాఫ్‌వే హౌస్‌లో ఉన్నా కోత వర్తించదు. శిక్ష రద్దయితే కోసిన డబ్బు తిరిగి ఇవ్వాలి. విడుదలైన ఏడాదిలోగా సమాచారమిస్తే విడుదలైన రోజు నుంచే పూర్తి పరిహారం మళ్లీ మొదలవుతుంది. జైలుకెళ్లిన సంగతి చెప్పకపోతే మాత్రం ఎక్కువ తీసుకున్న డబ్బంతా అప్పుగా మెడకు చుట్టుకుంటుంది. ఒక్క ఉత్తరం రాయకపోవడం వల్ల మనిషి జైలు నుంచి అప్పుతో బయటికి రావచ్చు.

ఈ ఉత్తరం రాసేవాళ్లెవరు? మాజీ సైనికుల సంఘాల్లో గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉచితంగా అర్జీలు నింపుతారు. వియత్నాం మాజీ సైనికుల సంఘానికి జైళ్ల లోపలే శాఖలున్నాయి. అంటే ఖైదీలే ఖైదీలకు సాయపడుతున్నారు. విడుదల కాబోయేవాళ్లను జైల్లోనే కలిసే ఉద్యోగులు సంబంధిత ప్రభుత్వ శాఖలో ఉన్నారు. 2008లో బఫెలో నగరంలో జడ్జి రాబర్ట్ రస్సెల్ మాజీ సైనికులకు ప్రత్యేక కోర్టు పెట్టి, జైలుకు బదులు చికిత్స దారి తెరిచారు. ఈ పనులన్నీ ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: ‘మీరు సైన్యంలో పనిచేశారా?’

నేరం చేసినవాడికి జనం డబ్బు ఎందుకివ్వాలన్న వాదన అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తిండి, వసతి జైలే చూస్తుంది కదా అన్న తర్కంతోనే 1980లో ఆ కోతను చట్టం చేశారు. మేం దీన్ని ఒప్పుకోం. వైకల్య పరిహారం మంచి నడవడికి ఇచ్చే బహుమతి కాదు, రాజ్యం పనిలో పాడైన శరీరానికి రాజ్యం కట్టాల్సిన బాకీ. నేరానికి శిక్ష కోర్టు వేసేసింది. కోత అదనపు శిక్ష. అది ముందుగా పడేది ఏ నేరమూ చేయని భార్యాబిడ్డల మీద.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సైన్యంతో దళితుల బంధం పాతది. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. 1890లలో మహర్ల భర్తీని ఆపేసిన బ్రిటిష్ ప్రభుత్వమే యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మహర్ రెజిమెంట్ పెట్టింది. ఇక జైళ్లు. 2022 చివర దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే. ఖైదీల్లో ఎస్సీలు ఐదో వంతుకు పైనే. జైలు మాన్యువళ్లలోని కులం పనుల పంపకం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. జాతీయ జైలు గణాంకాల్లో కులం, మతం, చదువు, వయసు లెక్కలుంటాయి. మాజీ సైనికుల లెక్క ఉండదు. లెక్కలో లేనివాళ్ల హక్కు ఎవరు అడుగుతారు?

మన సైనిక పెన్షన్ నిబంధనలు మంచి నడవడిని షరతుగా పెట్టాయి. తీవ్ర నేరంలో శిక్ష పడితే పెన్షన్‌ను ఆపే అధికారం ప్రభుత్వానికి ఉంది. అధికారం ఉందంటే ఆపి తీరాలని కాదు. అరెస్టయినంత మాత్రాన పెన్షన్ దానంతటది రద్దు కాదు. కానీ ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం జైల్లో ఉండి ఇవ్వలేకపోతే చెల్లింపు ఆగిపోతుంది. మనిషి బతికే ఉంటాడు, కాగితం మీద మాత్రం ఉండడు. వైకల్య పెన్షన్ విషయంలో 2013 నాటి ధరంవీర్ సింగ్ తీర్పు పెద్ద అండ. భర్తీ నాటి రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే, అది సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సిన బాధ్యత సైన్యానిదేనని సుప్రీంకోర్టు చెప్పింది.

సాయానికి చట్టపు దారి కూడా ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కాలి. వైకల్యంతో జైల్లో ఉన్న దళిత మాజీ సైనికుడు మూడు రకాలుగా అర్హుడు. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ సైనిక కుటుంబాల కోసం ఒక ప్రత్యేక పథకం కూడా మొదలుపెట్టింది.

లా చదివే మిత్రులు, పారా లీగల్ వాలంటీర్లు, జైలు ములాఖత్‌లకు వెళ్లే కార్యకర్తలు బెయిలు గురించి అడిగేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న కూడా అడగండి. అవునంటే ఇంట్లో డిశ్చార్జ్ బుక్, మెడికల్ బోర్డు కాగితాలు, పెన్షన్ ఆర్డరు ఉన్నాయేమో కుటుంబాన్ని కనుక్కోండి. పెన్షన్ ఆగితే ఏ ఆర్డరుతో ఆపారో రాతపూర్వకంగా అడిగించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఉత్తరం రాయించండి. తిరస్కరిస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. జైల్లో ఉన్న మనిషి తన కాగితాల వెంట తిరగలేడు. ఆ తిరుగుడు మనం తిరగాలి.