దర్గా అంటే తాయెత్తులేనా?

సంపాదకులకు,

ఐటీ కారిడార్ దర్గాలపై మీరు ప్రచురించిన వ్యాసం సూఫీ గురువుల పాత్రను తాయెత్తులకే కుదించింది. హైటెక్ సిటీకి దగ్గర్లోనే సమాధి ఉన్న హజ్రత్ హుస్సేన్ షా వలీని మరిచిపోతే ఎలా? ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ నిర్మాణాన్ని దగ్గరుండి చూసుకున్నది ఆయనే. చెరువుకు నిలిచింది సుల్తాను పేరు కాదు, ఆయన పేరే.

వైద్యం విషయంలో వ్యాసకర్త ఆందోళన సబబే. 2001లో తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన, గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. అలాంటి నిర్బంధాన్ని సహించకూడదు. అయితే దువా చదివే పెద్దలను వెలివేయడం దానికి మందు కాదు. చాలా కుటుంబాలు తమ గోడు ముందు చెప్పుకునేది వారికే. రోగిని సకాలంలో ఆసుపత్రికి పంపేలా వైద్య శాఖ వారికి శిక్షణ ఇవ్వాలి.

- ఒక పాఠకుడు, గచ్చిబౌలి